బరువు తప్పు ఎవరిది? జన్యువులదా, జీవితానిదా?

వంటనూనె వాడకాన్ని 10 శాతం తగ్గించుకోవాలని ప్రధాని నరేంద్ర మోదీ 2025 ఫిబ్రవరిలో 'మన్ కీ బాత్' కార్యక్రమంలో దేశ ప్రజలను కోరారు. సలహా మంచిదే. అయితే ఒకే కుండలోని అన్నం తిన్న అన్నదమ్ముల్లో ఒకరు లావెక్కుతారు, మరొకరు సన్నగానే ఉంటారు. ఎందుకు?

ఆకలిని నడిపించేది ప్రధానంగా మెదడు. కొవ్వు కణాలు విడుదల చేసే లెప్టిన్ అనే హార్మోన్ శరీరంలోని నిల్వల సంగతిని మెదడుకు చేరవేస్తుందని 1994లో శాస్త్రవేత్తలు గుర్తించారు. 2007లో ఎఫ్‌టీఓ జన్యువు వెలుగులోకి వచ్చింది. ఇందులోని ఒక మార్పును తల్లి నుంచీ, తండ్రి నుంచీ పొందినవారు, అది లేనివారికన్నా సగటున మూడు కిలోల బరువు ఎక్కువ ఉన్నట్లు తేలింది. వీరికి కడుపు నిండిన భావన ఆలస్యంగా కలుగుతుందని తదుపరి పరిశోధనలు సూచించాయి. భారతీయుల్లో ఈ జన్యువుకు మధుమేహంతోనూ సంబంధం ఉందని హైదరాబాద్‌లోని సీసీఎంబీ, పుణె పరిశోధకులు 2009లో వెల్లడించారు.

అయితే జన్యువులే సర్వస్వమా? జంషెడ్‌పుర్‌లోని సాక్చి ప్రాంతాన్నే చూద్దాం. ఒకప్పుడు ఇది చిన్న గ్రామం. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు సంస్థ ఇక్కడ కర్మాగారం నిర్మించాక ఉపాధి కోసం వచ్చినవారిలో తెలుగువారూ ఉన్నారు. కొలిమి వేడిలో చెమటోడ్చిన తాతకూ, కుర్చీలో పనిచేసే మనుమడికీ వారసత్వం ఒకటే. మారింది పని, పళ్లెం.

గణాంకాలూ ఇదే చెబుతున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అధిక బరువున్న మహిళలు 2015-16లో 33.2 శాతం కాగా, 2019-21 నాటికి 36.3 శాతానికి చేరారు. ఇంత తక్కువ కాలంలో జన్యువులు మారవు. ఝార్ఖండ్‌లో ఈ సంఖ్య 11.9 శాతమే. అక్కడ పేదరికం, పోషకాహార లోపం ఎక్కువన్నదీ మరువరాదు.

శారీరకంగా చురుకుగా ఉండేవారిలో ఎఫ్‌టీఓ ప్రభావం సుమారు 27 శాతం తగ్గుతుందని 2011 నాటి విశ్లేషణ తెలిపింది. అంటే వారసత్వం తలరాత కాదు. అలాగని లావుగా ఉన్నవారిని 'నోరు కట్టుకోలేరా' అని నిందించడమూ న్యాయం కాదు. ఆకలి అందరికీ ఒకేలా వేయదు. సాక్చి పక్కనే జూబ్లీ పార్కు ఉంది. కానీ అందులో నడిచే తీరిక, అందుబాటు ధరలో పోషకాహారం లేకపోతే సలహాలు మాటలుగానే మిగులుతాయి. వాటిని సమకూర్చే బాధ్యత వ్యక్తిది మాత్రమే కాదు, ప్రభుత్వాలదీ, యాజమాన్యాలదీ.