పుదుచ్చేరి పాత ఇళ్లకు కొత్త హంగులు: ఉన్నవాళ్ల సంగతేమిటి?

పుదుచ్చేరి పాత పట్నంలో కాలువకు తూర్పున ఫ్రెంచి వాడ, పడమర తమిళ వాడ. వారసత్వ కట్టడాలుగా గుర్తింపు పొందిన ఇళ్లు రెండు వైపులా ఉన్నాయి. వాటిలో కొన్ని ఇప్పటికే హోటళ్లయ్యాయి, కొన్ని డబ్బున్నవారి విలాస గృహాలయ్యాయి. యానాం కూడా అదే ప్రభుత్వం కింద ఉంది కాబట్టి, అక్కడ పడే పద్ధతి మనకూ పట్టే విషయమే.

తమిళ వాడ ఇల్లు మనకు కొత్తేమీ కాదు. వీధి వైపు అరుగు, లోపల మండువా, చుట్టూ వసారా. పైకప్పు మాత్రం మద్రాసు టెర్రస్. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను నిలువుగా, ఐమూలగా పేర్చి సున్నంతో బిగించి, ఆపైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి దిమ్మిస కొట్టేవారు. సున్నపు గోడ చెమ్మను పీల్చి బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి, ఉప్పుగాలి ఊళ్లో ఇటుక పొడిపొడిగా రాలుతుంది. మేడ మీద గదికో బాత్‌రూము కట్టి నీళ్లు కారనిస్తే, గోడలో దిగిన దూలాల కొనలు పుచ్చిపోతాయి. మండువాకు గాజు కప్పు వేసి ఏసీ పెడితే వేడి పైకి పోయే దారి మూసుకుపోతుంది. ఇంత చేసినా వీధి ముఖం చెక్కుచెదరదు. చూసేవాళ్లు ఇల్లు బాగుపడిందనే అనుకుంటారు!

సరిగ్గా చేసినవాళ్లూ ఉన్నారు. కానీ సున్నం పని తెలిసిన మేస్త్రీ, మంచి టేకు, నెలల కొద్దీ ఓపిక, అన్నీ ఖర్చుతో కూడినవే. నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి ఇంట్లో పైకప్పు కారితే ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ఒకరు అమ్ముదామంటారు, ఇంకొకరు కూల్చి అపార్ట్‌మెంటు కడదామంటారు. జాబితాలో పేరుంటే కూల్చడానికి అనుమతి కష్టం, బాగుచేయడానికి డబ్బు లేదు. చివరికి కొనగలిగేది బయటివాళ్లే.

2014 నవంబరు వానలకు సాక్షాత్తూ మేరీ భవనమే కూలిపోయింది. ప్రపంచ బ్యాంకు సాయంతో తిరిగి కట్టి 2021లో ప్రారంభించారు. సర్కారు భవనానికే అంత కాలం పడితే మామూలు కుటుంబం మాటేమిటి? వైశ్యాల్ వీధిలో యూరోపియన్ యూనియన్ సాయంతో ఇళ్ల ముఖాలను బాగుచేసినప్పుడు మంచి ఫలితమే వచ్చింది. అదే సాయం పైకప్పుకూ, ఇంట్లో కాపురముంటున్నవారికీ అందాలన్నది మా అభిప్రాయం. షరతులు పెట్టే ప్రభుత్వం ఖర్చులోనూ వాటా పంచుకోవాలి.

ఈలోగా ఎక్కడున్నా సరే, సున్నపు ఇల్లున్న మనవాళ్లు గోడ పెచ్చులూడిందని సిమెంటు పూయించకండి. వానలకు ముందే పైకప్పు తూములు శుభ్రం చేయించి, గోడలో దిగిన దూలాల కొనలను తట్టి చూపించుకోండి. డొల్ల శబ్దం వస్తే ఆ దూలాన్ని వెంటనే మార్పించండి.