సబ్సిడీ మట్టిలో కలిసే షీటుకే

మున్సిపల్ సిబ్బంది కిరాణా కొట్ల మీద దాడి చేసి నాలుగు కిలోల పలుచటి కవర్లు పట్టుకుంటే మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిపై 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలుచటి ప్లాస్టిక్ సంచి అమ్మకూడదు. అయితే మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల్లో ఏది దాటి బయటికొచ్చినా, 25-30 మైక్రాన్ల మల్చింగ్ షీటు టమాటా మళ్లలో ఎండకు తళతళలాడుతూ కనిపిస్తుంది. దానికి నిషేధం లేదు సరికదా, సర్కారు సబ్సిడీ ఇచ్చి మరీ పరిపిస్తోంది. కొట్లో నేరమైన పలుచదనం పొలంలో పథకమైంది.

ఈ సబ్సిడీ తీరు మారాలి. పాలిథిన్ మల్చింగ్ షీటుకు ఖజానా నుంచి ఒక్క రూపాయి కూడా వెళ్లకూడదు. పిండిపదార్థంతో తయారై, పంట అయిపోయాక దున్నేస్తే మట్టిలో కలిసిపోయే షీటుకే ఆ డబ్బు వెళ్లాలి. మార్పు ఈ మూడు నియోజకవర్గాల నుంచే మొదలుకావాలి.

లెక్క చూద్దాం. 400 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు, 25 మైక్రాన్ల మందం ఉన్న ఒక రోలు సుమారు 11 కిలోలు తూగుతుంది. సాళ్ల మధ్య దూరాన్ని బట్టి ఎకరాకు ఆరు రోళ్లు పట్టాయనుకుంటే 65 కిలోల పైమాటే. ఐదు గ్రాముల కవర్ల లెక్కన అది 13 వేల కవర్లకు సమానం. ఒక్క ఎకరంలో, ఒక్క పంటకు. పట్టణంలో నెలంతా దాడులు చేసి పట్టుకున్న సరుకు ఒక చిన్న రైతు మడిలో పరిచిన షీటుకు సరితూగుతుందా?

రైతును తప్పు పట్టడానికి ఈ లెక్క చెప్పడం లేదు. మల్చింగ్ షీటు ఆయన సరదాకి వేసింది కాదు. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె పీఠభూమి చల్లదనం ఏడాది పొడవునా టమాటాకు అనుకూలం. అనుకూలించనిది నీళ్లే. వెయ్యి అడుగులు తవ్వినా చుక్క రాని బోర్ల ప్రాంతమిది. షీటు కింద డ్రిప్పు పైపు వేస్తే తేమ ఆరదు, కలుపు మొలవదు, కలుపు తీసే కూలి ఖర్చు మిగులుతుంది. పైన వెండి రంగు, కింద నలుపు ఉన్న ఆ షీటు రైతుకు చేసిన మేలు కాదనలేనిది. చిక్కంతా పంట అయిపోయాక మొదలవుతుంది.

నాలుగైదు నెలలు ఎండకు ఎండి, వానకు తడిసిన షీటును కర్రలు, దారాలు పీకాక లాగితే ఒక్క ముక్కగా రాదు. మొక్క కోసం చేసిన ప్రతి రంధ్రం దగ్గరా చిరుగుతుంది. అంచులు మట్టిలో కూరుకుపోయి ఉంటాయి. చేతికొచ్చింది బురద అంటుకుని ముద్దగా ఉంటుంది కాబట్టి పాత సామాన్ల వాళ్లూ కొనరు. గట్టు మీద కుప్పేసి అగ్గిపుల్ల గీయడమే మిగిలిన దారి. మట్టిలో ఉండిపోయిన ముక్కలను రోటవేటరు ఇంకా చిన్నవి చేసి పోతుంది. మళ్లీ సాలు, మళ్లీ షీటు, మళ్లీ ముక్కలు. ప్రపంచవ్యాప్తంగా పంటలు, పశుపోషణ, చేపల పెంపకంలో ఏడాదికి 1.25 కోట్ల టన్నుల ప్లాస్టిక్ వాడుతున్నారని ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ 2021లో లెక్క తేల్చింది. మల్చింగ్ షీటు లాంటి పలుచటి పొరను తిరిగి సేకరించడం ఎంత కష్టమో కూడా అదే నివేదిక చెప్పింది.

గట్టు మీది కుప్ప గాలికి ఎగిరి ఎక్కడికి చేరుతుందో పశువులున్న వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ ఆవుల కడుపుల్లోంచి తీసిన ప్లాస్టిక్ ముద్దలను చూపి 2012లో సుప్రీంకోర్టుకెక్కింది. ఆ పుట్టపర్తి మనకు పరాయి ఊరేమీ కాదు. అరుదైన పొట్టి జాతి ఆవుకు పేరిచ్చిన గడ్డ పుంగనూరు. ఆ జాతిని కాపాడుతున్నామని చెప్పుకునే ప్రభుత్వాలు దాని మేత దారిలో ఏం పరుస్తున్నాయో కూడా చూసుకోవాలి.

మరి పిండితో షీటు సాధ్యమా అని అనుమానించేవాళ్లు ఆత్రేయపురం వైపు చూడాలి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకు అచ్చంగా బియ్యపు పిండితో తీసిన పొరే. వేడి కుండ మీద పలుచటి పిండినీళ్లు అంటిన క్షణంలో పిండి రేణువులు ఉబ్బి, పగిలి, గొలుసుల్లా అల్లుకుని కాగితంలా లేస్తాయి. దాని బలహీనతా అందులోనే ఉంది. తడి తగిలితే కరుగుతుంది, వంచితే విరుగుతుంది. పరిశ్రమ దానికి విరుగుడు కనిపెట్టింది. పిండిలో నీళ్లు, గ్లిజరిన్ కలిపి వేడిలో పిసికితే ప్లాస్టిక్‌లా సాగే పదార్థమవుతుంది. సూక్ష్మజీవులు తినగల పాలిస్టరును జోడిస్తే తడికి తట్టుకుంటుంది. ఇటలీలోని నోవామాంట్ సంస్థ ‘మేటర్-బి’ పేరుతో మూడు దశాబ్దాలకు పైగా చేస్తున్నదిదే. ఆ పాలిస్టరుల్లో ఎక్కువగా వాడే పీబీఏటీ పెట్రోలియం నుంచే వస్తుంది. కాబట్టి ‘నూరు శాతం మొక్కజొన్న’ అని సంచి మీద అచ్చేసేవాళ్ల మాట అలాగే నమ్మొద్దు. మనకు కావాల్సింది ఎక్కణ్నుంచి వచ్చిందనే మాట కాదు, చివరికి ఎటు పోతుందన్న భరోసా. యూరప్ 2018లో ఈఎన్ 17033 అనే ప్రమాణం తెచ్చింది. మామూలు నేల ఉష్ణోగ్రతలో రెండేళ్లలోపు షీటులో 90 శాతం సూక్ష్మజీవులకు ఆహారమై బొగ్గుపులుసు వాయువుగా మారాలి. మట్టికి, వానపాములకు హాని ఉండకూడదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 23517 కూడా 2021లో వచ్చింది. కొలబద్ద లేదనే సాకు ఇక చెల్లదు.

మన దగ్గర పిండి ప్లాస్టిక్ అనగానే అందరికీ గుర్తొచ్చేది తిరుమల లడ్డూ సంచి. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఏఎస్ఎల్ పరిజ్ఞానంతో ఎకోలాస్టిక్ సంస్థ మొక్కజొన్న పిండి సంచులు తయారుచేస్తే, 2021 ఆగస్టులో లడ్డూ కౌంటర్ల దగ్గర వాటి అమ్మకం మొదలైంది. మూడు నెలల్లో మట్టిలో కలుస్తాయని, పశువులు తిన్నా హాని లేదని చెప్పారు. మంచి ప్రయత్నం. తిరుమలలో అది పనికొస్తుంది కూడా. కొండకు ఘాట్ రోడ్లు రెండే, అలిపిరిలో తనిఖీ ఉంది, చెత్త సేకరణ ఒకే సంస్థ చేతిలో ఉంది. అదే సంచి మదనపల్లె మురుగుకాలవలో పడితే? కంపోస్టయ్యే ప్లాస్టిక్‌కు మన దేశంలో ఉన్న ఐఎస్ 17088 ప్రమాణం కంపోస్టు కేంద్రంలోని 58 డిగ్రీల వేడిని దృష్టిలో పెట్టుకున్నది. ఆ వేడి, గాలి, తేమ లేని చోట ‘కంపోస్టబుల్’ అన్న ముద్ర అలంకారమే. ఇటలీ 2018 జనవరి నుంచి కూరగాయలు, పండ్ల పలుచటి సంచులన్నీ కంపోస్టయ్యేవే కావాలంటే అక్కడ చెల్లింది. ఎందుకంటే తడిచెత్తను విడిగా తీసుకెళ్లి కంపోస్టు చేసే ఏర్పాటు ముందే ఉంది.

అందుకే బజారులో పిండి సంచి కోసం ఉబలాటపడటం ఈ పత్రికకు సమ్మతం కాదు. కొట్టుకెళ్లేటప్పుడు గుడ్డసంచి పట్టుకెళ్లొచ్చు. పొలానికి గుడ్డ కప్పలేం. తిరిగి ఏరుకోవడం సాధ్యమైన చోట పిండి ప్లాస్టిక్ ఆడంబరం, ఏరుకోలేని చోట అదే అవసరం. మల్చింగ్ షీటు, నర్సరీ నారు సంచి, టమాటా కట్టే దారం ఈ మూడూ మట్టిలో మిగిలిపోయేవే. తడిచెత్తను వేరుచేయడమే సరిగ్గా సాగని పట్టణాల్లో సంచుల మీద పెట్టే శ్రద్ధలో సగం పొలం మీద పెట్టినా ఫలితం కనిపిస్తుంది.

ముడిసరుకు కూడా ఇంటిపక్కనే ఉంది. పాత చిత్తూరు జిల్లాలో తోతాపురి కాలమంతా గుజ్జు ఫ్యాక్టరీల వెనక టెంకలు గుట్టలుగా పడుతుంటాయి. టెంక లోపలి జీడిని ఎండబెడితే అందులో సగం దాకా పిండిపదార్థమే. కొవ్వు ఇప్పటికే చాక్లెట్ల తయారీకి పోతోంది. పిండి సంగతి పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2025 వేసవిలో తోతాపురి ధర కుప్పకూలి, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇచ్చి ఆదుకోవాల్సి వచ్చిన సంగతి ఇంకా ఎవరూ మరచిపోలేదు. కాయకు ధర లేనప్పుడు టెంకకు ధర తెచ్చే ఆలోచనైనా చేయొద్దా? కర్రపెండలం పిండి కావాలంటే ఈ పక్క సేలం, ఆ పక్క పెద్దాపురం ఉన్నాయి. తిండిగింజలను ప్లాస్టిక్‌కు మళ్లిస్తున్నారని ఆక్షేపించేవాళ్లకు టెంకే జవాబు. టమాటా తొక్కలో ఉండే క్యూటిన్‌తో ఆహార డబ్బాల లోపలి పూతను ఇటలీలో బయోకోపాక్ అనే యూరప్ ప్రాజెక్టు తయారుచేసి చూపింది. మన మామిడి గుజ్జు కొంత విదేశాలకు వెళ్లేది లోపల పూతపూసిన డబ్బాల్లోనే. కానీ ఆ తొక్క దొరకాలంటే ముందు టమాటాను గుజ్జు చేసే పరిశ్రమ ఉండాలి. మదనపల్లెకు ఆ హామీ ఎన్ని ఎన్నికల్లో దక్కిందో ఓటర్లకే తెలుసు.

ధర సంగతికొద్దాం. మట్టిలో కలిసే షీటు పాలిథిన్ కంటే రెండు మూడింతలు ఖరీదు. ఉద్యాన మిషన్ 2014 మార్గదర్శకాలు హెక్టారుకు 32 వేల రూపాయల ఖర్చు లెక్కగట్టి అందులో సగం, రెండు హెక్టార్లకు మించకుండా ఇమ్మన్నాయి. ఖర్చు రెట్టింపై రైతు వాటా మాత్రం ఆ 16 వేల దగ్గరే ఉండాలంటే సర్కారు 48 వేలు భరించాలి, అంటే మూడింతలు. ఉన్న డబ్బుతో మూడో వంతు పొలాలకే సాయం అందుతుంది. అయినా సరేనంటున్నాం. మూడెకరాల మట్టిని పాడుచేయడానికి పెట్టే డబ్బు ఒక ఎకరాన్ని కాపాడటానికి పెట్టడం మేలు. పైగా పంట తర్వాత షీటు పీకే కూలి రైతుకు మిగులుతుంది. అదనపు భారం మాత్రం ఆయన నెత్తిన పడకూడదు. 2023 జులైలో కిలో 200 రూపాయల దగ్గరికెళ్లిన టమాటాను మరో సీజనులో కోతకూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన రైతు అది. రేటు జూదమైన చోట పెట్టుబడి రెట్టింపు చేసుకొమ్మనడం అన్యాయం. సొంత డబ్బుతో పాలిథిన్ కొనే రైతు కోసం పాత షీటును బరువు చూసి తిరిగి కొనే ఏర్పాటు మార్కెట్ యార్డులోనే పెట్టొచ్చు.

మన ఎండకు ఈ షీటు ముందే చిరుగుతుందేమో, వానాకాలంలో మరీ తొందరగా కరుగుతుందేమో అన్న సందేహం న్యాయమైనదే. ఇటలీ నేలలో నెగ్గింది రాయలసీమ ఎర్రనేలలో నెగ్గాలని లేదు. తేల్చుకునే చోటు కుప్పమే. 1990ల్లో ఇజ్రాయెల్ పద్ధతి బిందుసేద్యానికి ప్రయోగక్షేత్రం కుప్పమే. పొగడ్తలెన్ని వచ్చాయో విమర్శలూ అన్నే వచ్చాయి. ఈసారి కంపెనీ చేతికి కాకుండా కలికిరి కృషి విజ్ఞాన కేంద్రానికి, ఆసక్తి ఉన్న రైతులకు అప్పగించాలి. వానాకాలం ఒకటి, వేసవి ఒకటి, పక్కపక్క సాళ్లలో పాలిథిన్, పిండి షీటు రెండూ పరచాలి. పంట అయిపోయి ఏడాది గడిచాక మట్టిని జల్లెడపట్టి ఏ సాలులో ఎంత మిగిలిందో రైతుల ఎదుటే తూచాలి. అమ్మకానికొచ్చే షీటు నాణ్యతను తేల్చే పని విజయవాడ సమీపంలోని ప్లాస్టిక్ ఇంజినీరింగ్ సంస్థ సిపెట్‌కు ఇవ్వొచ్చు. ప్రమాణం గట్టెక్కని రకాన్ని, ‘ఆక్సో’ అని పేరు పెట్టుకుని ముక్కలయ్యే రకాన్ని జాబితాలో చేర్చకూడదు. యూరప్ ఈ ఆక్సో రకాన్ని 2021 జులై నుంచే మార్కెట్‌లోకి రానివ్వడం లేదు.

వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. సబ్సిడీ ఖర్చులో 40 శాతం రాష్ట్రానిదే కాబట్టి ఏ షీటు కొనాలో చెప్పే అధికారమూ దానికి ఉంది. ఉద్యాన శాఖ షీటు సరఫరాదారుల కోసం తదుపరి పిలిచే టెండరులో మందం, వెడల్పు, రంగు రాసే గడుల పక్కన ‘మట్టిలో కలిసే గుణం: ఐఎస్ఓ 23517 ప్రకారం’ అని ఇంకో గడి చేరిస్తే చాలు.