ఎండాకాలం ఎవరి పిల్లలకు సెలవు?

జూన్‌లో బడి తెరవగానే పంతులు అడిగే మొదటి మాట: 'సెలవుల్ల ఏం చేసిన్రు రా?' వాచకాల్లో దీనికి జవాబు ఎప్పుడో రాసిపెట్టి ఉంది. అమ్మమ్మ ఊరు, మామిడితోట, బావిలో ఈత. ఆ తోట ఎవరిది, ఆ బావి ఎవరిది అని ఏ వాచకమూ అడగదు. మన వాడ పిల్లగాడికి తోట కాపలా తెలుసు, ఆ బావిలో దిగితే పడే దెబ్బలూ తెలుసు. అయినా తలవంచుకుని పక్కోడి కథనే తన కథని రాస్తాడు. అట్లా మన బిడ్డలకు బడి నేర్పే అబద్ధం ఇది.

మరి వాడి అసలు కథ ఏమిటి? హైదరాబాద్ పాతబస్తీ చూడండి. లాడ్‌బజార్ గాజుల తళుకు దేశమంతా ఎరిగిందే. 2015 జనవరిలో అక్కడి భవానీనగర్ ప్రాంతంలోని గాజుల కార్ఖానాల నుంచి రెండు వందలకు పైగా పిల్లలను పోలీసులు విడిపించారు. ఎక్కువమంది బీహార్ నుంచి వచ్చిన పేదల బిడ్డలు. అది బడులు నడిచే కాలం. బడులు నడిచే కాలంలోనే అట్లుంటే, బడికి తాళం పడ్డ ఏడు వారాలు ఎట్లుంటయో చెప్పాలా?

చట్టం లేదా అంటే, ఉంది. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టొద్దన్నారు. మంచిదే. కానీ అందులోనే ఒక దొడ్డిదారి పెట్టారు. ప్రమాదకరమని పట్టికలో రాసినవి తప్ప, బడి అయిపోయాక, సెలవుల్లో, కుటుంబ వృత్తికి సాయం చెయ్యొచ్చట! ఈ దేశంలో కుటుంబ వృత్తి అంటే ఏమిటి? కులవృత్తే గదా! మాదిగ బిడ్డకు తోలు, చాకలి బిడ్డకు మూట. అగ్రకులాల పిల్లలకు సెలవుల్లో కోచింగ్. పది నెలలు కష్టపడి కులం చేతి నుంచి గుంజుకున్న బిడ్డను, ఎండాకాలం రాగానే మళ్లీ కులానికే అప్పజెప్పే చట్టం ఇది.

ఇంట్ల చేయిసాయం కూడా తప్పేనా అని కొందరు అడుగుతారు. తల్లికి బిందె అందిస్తే తప్పు కాదు. జూన్‌లో బిడ్డను బడికి రానియ్యని పని తప్పు. తల్లిదండ్రులను తిట్టీ లాభం లేదు. బడి మూస్తే మధ్యాహ్నం అన్నం కూడా ఆగిపోతుంది. 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఏమన్నది? కరువు ప్రాంతాల్లో ఎండాకాలం సెలవుల్లోనూ భోజనం పెట్టాలన్నది. వంటమనుషుల్లో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలన్నది. ఈ మాట మనవాళ్లలో ఎంతమందికి చేరింది? కరువొచ్చిన ఏడు మండలాఫీసు ముందు కూర్చుని అడగాల్సింది మనమే.

బడి కోసం ఎవరి దయకూ ఎదురుచూడనివాడు ఈ నగరంలోనే పుట్టాడు. మాదరి భాగయ్య, అంటే మన భాగ్యరెడ్డివర్మ. 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు. 1910 నుంచి మూసీకి అవతల ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో మన పిల్లలకు బడులు తెరిచారు. నిజాం సర్కారు చదువు ఉర్దూలో నడిచే రోజుల్లో తెలుగులో చదువు చెప్పించారు. ఒకటి రెండుతో మొదలై అవి ఇరవై ఆరు బడులయ్యాయి. ఆయన పుట్టింది 1888 మే 22న. బడులు పెట్టినాయన జయంతి బడులు మూసి ఉన్నప్పుడే వస్తుంది. దండేసి, ఫొటో దిగి ఇంటికి పోతే సరిపోదు.

సంఘాల కార్యకర్తలారా! ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి చేస్తాం. వారం పదిరోజులకే బడులు మూస్తారు. ఆ రోజే వాడలో చదివే పిల్లల పేర్లన్నీ ఒక పుస్తకంలో రాయండి. అంబేద్కర్ భవనంలోనో, చర్చిలోనో, వేపచెట్టు కిందనో పొద్దున రెండు గంటలు చదువు పెట్టండి. పదో తరగతి దాటిన మన పిల్లలే పంతుళ్లు. ఆడపిల్లలను ముందు వరసలో కూర్చోబెట్టండి. తాము చేసిన పని, తిన్న దెబ్బ, చూసిన ఊరు ఉన్నదున్నట్టు రాయమనండి. వాచకాల్లో లేని కథలు అవే.

బడి తెరిచిన రోజు ఆ పుస్తకం పట్టుకుని గేటు కాడ నిలబడండి. ఒక్కొక్క పేరూ పిలవండి. పలకని పేరు ఏ ఇంటిదో, ఏ కార్ఖానాలో ఉందో, ఏ పటేలు చేన్ల ఉందో పోయి వెతకండి. ఆ బిడ్డ బడికొచ్చేదాకా ఊరుకోవద్దు.