సంఖ్యకు పట్టించిన దయ్యం

1000000000000066600000000000001 అనే 31 అంకెల సంఖ్య ప్రధాన సంఖ్య, అంటే 1తోనూ తనతోనూ తప్ప మరే ధన పూర్ణసంఖ్యతోనూ శేషం లేకుండా భాగించడానికి వీలుకానిది. పైగా ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే పాలిండ్రోమ్. నడుమ 666, దానికి ఇరువైపులా పదమూడేసి సున్నాలు, రెండు కొసల్లో చెరొక 1 ఉన్న ఈ సంఖ్యను హార్వే డబ్నర్ గుర్తించగా, అమెరికన్ రచయిత క్లిఫర్డ్ పికోవర్ దానికి బెల్ఫెగోర్ అనే నరకాధిపతి పేరు తగిలించాడు. పికోవర్‌ది సరదాయే కావచ్చు గాని, ఇలాంటి పోలికల్లో అతీత శక్తుల సంకేతం చూసేవారి వాదనను మాత్రం లెక్క కట్టి చూడవలసిందే.

బైబిల్ ప్రకటన గ్రంథంలోని మృగం సంఖ్య 666, పాశ్చాత్యులు అశుభమని భయపడే 13, దాన్ని తిరగేసినట్టుండే 31, ఈ మూడూ ఒక్కచోట చేరడం యాదృచ్ఛికం కాదని ఆ వాదన సారాంశం. అయితే రెండు పదమూళ్ల సున్నాలకు నడిమి మూడంకెలు, కొసల రెండంకెలు కలిపితే వచ్చేది 31 తప్ప వేరొకటి కాదు కనుక, అక్కడున్నది ఒకే విశేషాన్ని రెండుసార్లు లెక్కించడమే.

ఇక ఇదే అచ్చులోని సంఖ్యలను వరసగా పరీక్షిస్తే, సున్నాలు అసలే లేని 16661 ప్రధాన సంఖ్య. తర్వాత ఒక్కొక్క వైపు 13, 42, 506, 608 సున్నాలున్నప్పుడు మళ్ళీ ప్రధాన సంఖ్యలు వస్తాయి. 42 సున్నాల దానికి ఏ దయ్యమూ దిక్కులేకపోయింది! 31 అంకెల పరిమాణంలో సగటున 69 సంఖ్యలకు ఒకటి ప్రధానమవుతుంది; చివర 1 ఉండి అంకెల మొత్తం 20 అయ్యే ఈ సంఖ్యలను 2, 3, 5 ఎలాగూ భాగించలేవు కాబట్టి, ఆ అవకాశం ఇంచుమించు 18కి ఒకటిగా పెరుగుతుంది. ఇందులో నోరు వెళ్ళబెట్టవలసినంత వింత లేదు.

అంతకంటే కీలకమైన సంగతి ఒకటుంది. ప్రధానత సంఖ్య గుణం. 666 కనబడడం మాత్రం పదుల లెక్కన రాసే దశాంశ పద్ధతి గుణం. ఇదే సంఖ్యను కంప్యూటర్లు వాడే ద్విసంఖ్యామానంలో రాస్తే 1, 0 మాత్రమే ఉన్న 100 అంకెల వరస వస్తుంది, అందులో 6 ఉండదు, అది పాలిండ్రోమ్ కూడా కాదు, ప్రధానత మాత్రం చెక్కుచెదరదు. బండి నంబరు అంకెలు కూడితే 9 రావాలని వేలంలో లక్షలు పోసే మన న్యూమరాలజీ భక్తులదీ ఇదే పొరపాటు: ఒక్క అంకె మిగిలేదాకా కూడడమంటే 9తో భాగించి శేషం చూడడమే, ఆ 9కి ప్రాముఖ్యం వచ్చింది మనిషి పదులతో లెక్కించడం వల్లనే.

పైపెచ్చు ఆ 666కే పాఠభేదం ఉంది. ఈజిప్టులోని ఆక్సిరింకస్‌లో దొరికిన ప్రకటన గ్రంథపు ప్రాచీన పపైరస్ ప్రతిలో మృగం సంఖ్య 616. ఆ పాఠాన్ని తీసుకుని నడుమ 616 ఉంచితే అంకెల మొత్తం 15 అవుతుంది గనుక, ఇరువైపులా ఎన్ని సున్నాలు చేర్చినా ఆ సంఖ్య 3తో భాగింపబడుతుంది, ఎన్నటికీ ప్రధాన సంఖ్య కాలేదు.