అంత్రం కట్టిన మర్నాడు తగ్గే జ్వరం

సిరిసిల్ల నుంచి మరమగ్గాల పనికి భివండి పోయిన కుటుంబాల్లో తొలికాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి రావడం మామూలే. ఏడో నెలలో అలా వచ్చిన పిల్లకు నాలుగో రోజున వణుకుతో జ్వరం పట్టుకుందనుకోండి. భివండిలో మేడల మీద మూతలేని నీళ్ల ట్యాంకుల్లో పెరిగే దోమ ఎవరికీ గుర్తుకు రాదు. "పొలిమేర దాటేటప్పుడు గాలి సోకింది బిడ్డా" అని అవ్వ తేల్చేస్తుంది. మంత్రగాడు వస్తాడు, మొలకు అంత్రం కడతాడు. మర్నాడు చూస్తే జ్వరం ఉండదు!

మంత్రగాడి పలుకుబడి అంతా ఆ ఒక్క మర్నాటి మీదే నిలబడి ఉంది. వైవాక్స్ రకం మలేరియా క్రిమి ఎర్రరక్తకణంలో పెరిగి, దాన్ని పగలగొట్టుకొని బయటపడటానికి సుమారు 48 గంటలు పడుతుంది. కణాలు పగిలినప్పుడు చలి, జ్వరం, ఆ తర్వాత ఒళ్లంతా చెమటలు. మధ్యలో వచ్చే రోజున మనిషి లేచి తిరుగుతుంది, అన్నం కూడా తింటుంది. ఏ దారమూ కట్టకపోయినా ఆ రోజు తగ్గాల్సిన జ్వరమే అది. మూడో రోజు మళ్లీ వణికితే "ఇది మొండి గాలి" అంటూ మంత్రగాడు బలికి కోడిని అడుగుతాడు. పైగా ఈ క్రిమి కాలేయంలో నెలల తరబడి దాక్కొని తిరగబెట్టగలదు. అక్కడ దాగినదాన్ని చంపే ప్రైమాక్విన్‌ను గర్భిణికి ఇవ్వకూడదు, కడుపులోని బిడ్డ రక్తకణాలకు దానివల్ల ముప్పు. కాన్పయ్యాక జ్వరం తిరగబెడితే మొక్కు తీర్చలేదన్న నింద ఆ తల్లి మీదికే వస్తుంది. తగ్గితే అంత్రం గొప్ప, తగ్గకపోతే ఆమె తప్పు. ఓడిపోయే వీలే లేని ఇలాంటి వైద్యాన్ని నమ్మడానికి అసలు కారణమేముంది?

ఫాల్సిపారం రకమైతే ఈ కాలయాపన ప్రాణం మీదికి తెస్తుంది. ఆ క్రిమి సోకిన కణాలు మాయలో అతుక్కుపోతాయి. అందుకే వేలి రక్తంలో ఒక్కోసారి క్రిమి దొరకదు. తల్లికి రక్తహీనత ముదురుతుంది, రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పడిపోవచ్చు. గర్భస్రావం కావచ్చు, బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, లేదా బరువు తక్కువతో పుట్టవచ్చు.

ఈ మధ్య చదువుకున్నవాళ్లు ఇంకో వాదన తెస్తున్నారు. దీపాలు పెట్టే వేళ కడుపుతో ఉన్న మనిషి బయట తిరగొద్దని పెద్దలన్నారట. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ కుట్టేదీ పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేదాకానే గనుక పెద్దలకు అంతా తెలుసట. కానీ దోమ కడుపులో మలేరియా క్రిమిని వైద్యుడు రొనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న, జగిత్యాలలో బస్సెక్కితే ఒక పూటలో చేరే సికింద్రాబాద్‌లో. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమల చేత కుట్టించి, ఆ దోమలను కోసి చూశాడు. అంతకు ముందు మన పెద్దలకు తెలిసి ఉంటే, కడుపు పండినందుకు గుడిలో నిద్ర చేస్తామని మొక్కుకున్న గర్భిణిని దోమతెర లేకుండా రాత్రంతా మండపంలో ఎందుకు పడుకోబెట్టారు? గాలి సోకినవాళ్లకు కొండగట్టు అంజన్నే దిక్కని పేరు. జ్వరంతో కలవరించే మనిషిని రక్తపరీక్షకు కాక గుట్టమీదికి ఎక్కించడం ఆ పేరు వల్లే. గర్భిణి ఏరు దాటొద్దంటారు, గ్రహణంలో కదలొద్దంటారు. అదే గర్భిణిని ఎత్తు బంగారం (నిలువెత్తు బెల్లం) మొక్కు కోసం మేడారం అడవికి తీసుకుపోయి, జంపన్న వాగులో స్నానం చేయించి, చెట్ల కింద గుడారంలో పడుకోబెట్టడానికి ఏ నిషేధమూ అడ్డురాదు. ములుగు, భద్రాచలం ఏజెన్సీ ప్రాంతాలు మలేరియాకు పాత నెలవులని తెలిసీ ఇలా చేస్తారు.

వేపాకు పొగకు దోమ కాస్త బెదురుతుందన్నది నిజమే. పొగ ఆరాక మళ్లీ వస్తుంది, ఆ పొగ గర్భిణి ఊపిరికీ మంచిది కాదు.

గర్భిణిని దోమ ఎక్కువగా వెతుక్కుంటుంది. గాంబియాలో చేసిన ఒక అధ్యయనం 2000లో వెలువడింది. గర్భిణుల వైపు దాదాపు రెట్టింపు అనాఫిలిస్ దోమలు వచ్చాయని అందులో తేలింది. ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా వదలడం, పొట్ట కొంచెం వెచ్చగా ఉండటం కారణాలని వాళ్లు చెప్పారు. అందుకే మలేరియా ఉన్న చోటికి గర్భిణి ప్రయాణాన్ని వాయిదా వేసుకొమ్మని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర రెండేళ్లకోసారి వస్తుంది, మొక్కును మరో జాతరకు వాయిదా వేస్తే తల్లులు కోపగించుకుంటారా?

పోక తప్పకపోతే మందు పూసిన దోమతెర, నిండు చేతుల బట్టలు, దోమలను తరిమే డీట్ ఉన్న పూత వాడుకోవాలి. సూచనల ప్రకారం పూసుకుంటే డీట్ వల్ల గర్భిణికి హాని లేదు. ముందుజాగ్రత్త మాత్రలు ఎవరో చెప్పారని కొనుక్కోకూడదు. డాక్సీసైక్లిన్ గర్భిణికి పనికిరాదు. మెఫ్లోక్విన్ ఇవ్వవచ్చు గాని, మూర్ఛ, మానసిక వ్యాధుల చరిత్ర ఉన్నవాళ్లకు వద్దు. క్లోరోక్విన్ సురక్షితమే అయినా మన ఫాల్సిపారం దానికి లొంగడం మానేసింది. ఎంపిక డాక్టరుదే.

కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య కూర్చున్నా, సిరిసిల్ల మగ్గాల షెడ్డు పక్కన నిలబడినా "మూడు నెలల్లోపు మాత్ర మింగితే కడుపు పోతుంది" అన్న మాట వినిపించవచ్చు. మలేరియా వచ్చినప్పుడు కడుపు పోయే ముప్పు మాత్ర మింగకపోవడంలోనే ఎక్కువ. మొదటి మూడు నెలల ఫాల్సిపారం రోగికీ ఆర్టీమెథర్-లూమిఫాంట్రిన్ వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. వైవాక్స్‌కు క్లోరోక్విన్ ఏ నెలలోనైనా ఇస్తారు.

ఆశా కార్యకర్త దగ్గరి పరీక్ష పట్టీకి ఒక్క చుక్క రక్తం చాలు, పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. అది లేదని చెప్పినా జ్వరం వస్తుంటే పరీక్ష మళ్లీ చేయించాలి. భివండి నుంచి వచ్చామనో, జాతరకు పోయొచ్చామనో డాక్టరుకు ముందే చెప్పాలి. చాలాసార్లు దాచేది ఈ సంగతే, మొక్కు గురించి మాట్లాడితే డాక్టరు తిడతాడేమోనని.