‘శూన్యమాసం’ – నామార్థ విచారణ

సూర్యభగవానుడు ధనూరాశిలో ప్రవేశించే వేళ, అంటే సాధారణంగా డిసెంబరు 16 నాటికి, తెలుగునాట రెండు మాటలు ఒకేసారి వినవస్తాయి. ‘నెలగంట పెట్టారు’ అంటూ గృహిణులు ముంగిట ముగ్గు వేసి గొబ్బెమ్మలను నిలుపుతారు. అదే ఇంట పెద్దలు ‘శూన్యమాసం వచ్చింది, ఏ మంచిపనీ తలపెట్టరాదు’ అంటారు. మొదటి మాటలో పండుగ ఉంది, రెండవ మాటలో శంక ఉంది. క్రమంగా ఆ శంకయే ప్రబలి, శూన్యమంటే అశుభమనే భావన స్థిరపడింది. జపపారాయణాదులను సైతం సంక్రాంతి వెళ్ళాక ఆరంభిద్దామని వాయిదా వేసే భక్తులు ఉన్నారు. ఈ నెలలో పుట్టిన పసికందును శంకతో చూసే ఇళ్ళూ ఉన్నాయి. కనుక ఈ పదం అర్థాన్ని విచారించడం ఆవశ్యకం.

ఈ కాలానికి నామాలు అనేకం. చాంద్రమానంలో ఇది మార్గశిర పుష్యమాసాలలో వ్యాపించి ఉంటుంది. పూర్ణిమ మృగశిరా నక్షత్రంతో కూడుటచే మార్గశీర్షమనీ, పుష్యమితో కూడుటచే పుష్యమనీ వ్యవహారం. వేదం ఈ హేమంతమాసాలను సహస్సు, సహస్యము అని పిలిచింది, సహస్సంటే బలం. పుష్యశబ్దం పోషణార్థకమైన ధాతువునుండి పుట్టినది. కోతలు ముగిసి ధాన్యం ఇల్లు చేరే కాలానికి ఎంతో తగిన పేరు. ద్రావిడదేశంలో ధనుర్మాసమే మార్గళి. గీతలోని విభూతియోగంలో భగవానుడు మాసాలలో తాను మార్గశీర్షమని స్వయంగా ప్రకటించాడు. ఇన్ని నామాలుండగా ‘శూన్య’మనే ఒక్క పదాన్నే పట్టుకొని భయపడటం ఉచితం కాదు.

ముహూర్త వ్యవహారంలో శూన్యమంటే వివాహ గృహప్రవేశాదులకు లగ్నం నిర్ణయింపబడని కాలం అని మాత్రమే అర్థం. ఆ నిషేధం శిష్టసమ్మతం, పాటింపదగినది. అయితే అది ముహూర్తం చూచి చేసే కర్మలకే పరిమితం. సంధ్యావందనం, దేవతార్చన, పితృకార్యం, అన్నదానం ఈ నిషేధంలోకి రావు. శిశుజననం మానవుడు నిర్ణయించే లగ్నాన్ని అనుసరించి జరిగేది కాదు. దానికి ఈ దోషాన్ని ఆపాదించడం శాస్త్రాన్ని అతిక్రమించడమే.

మరొక విశేషం ఉంది. విష్ణుసహస్రనామాలలో ‘శూన్యః’ అనేది ఒక నామం. సర్వవిశేషరహితుడు గనుక పరమాత్మ శూన్యుని వంటివాడని శంకరభగవత్పాదుల వ్యాఖ్యానం. ప్రతిదినం సహస్రనామం పారాయణ చేసే నోటితోనే ఆ పదాన్ని అమంగళమనడం ఎంతటి వైరుధ్యం! లౌకిక సంరంభం తొలగిన కాలం శూన్యమైతే, ఆ ఖాళీ ఈశ్వరుని కోసమే మిగిలినదని గ్రహించాలి. పాత్ర ఖాళీ అయితేనే కదా తీర్థం పట్టేది!

కాలగణనమూ దీనినే సమర్థిస్తుంది. మానవుల ఒక సంవత్సరం దేవతలకు ఒక అహోరాత్రం. ఉత్తరాయణం వారికి పగలు, దక్షిణాయనం రాత్రి. పన్నెండు మాసాలు 24 గంటలైతే, ఒక మాసం 2 గంటలు. మకరసంక్రమణాన్ని దేవతల సూర్యోదయంగా గ్రహిస్తే, దానికి ముందున్న ధనుర్మాసం తెల్లవారుజామున చివరి రెండు గంటలు అవుతుంది. బ్రాహ్మీముహూర్తం అందులోనే అంతర్భూతం. బ్రాహ్మీముహూర్తంలో ఎవరూ పెండ్లిపందిరి వేయరు. అంతమాత్రాన అది చెడువేళ అని ఎవరూ అనరు. జపధ్యానాలకు అంతకు మించిన సమయం లేదని అందరికీ తెలుసు.

ఆలయాలు ఈ అర్థాన్ని ఆచారంలో నిలుపుకొన్నాయి. తిరుమలలో ఈ నెలరోజులూ సుప్రభాతానికి బదులు ఆండాళ్ తల్లి అనుగ్రహించిన తిరుప్పావై వినిపిస్తుంది. ముప్పది పాశురాలు, ముప్పది ఉషస్సులు. వైకుంఠద్వారం తెరుచుకొనే ముక్కోటి ఏకాదశి ఈ మాసంలోనిదే. శివాలయాలలో ఆర్ద్రోత్సవమూ ఈ మాసంలోనే. హరిహరులిద్దరి ద్వారాలూ తెల్లవారుజామునే తెరిచి ఉండే నెలను శుభం కాదనడం ఎలా?

పెద్దలు ‘శూన్యమాసం’ అనే మాటను విడువనవసరం లేదు. పెండ్లికి లగ్నం లేదని చెప్పినప్పుడే, ఆ నోటితోనే ‘జపానికి ఇదే లగ్నం’ అని పిల్లలకు చెబితే చాలు. అప్పుడు ఆ నామం భయాన్ని కాక భక్తిని అందిస్తుంది.

శుభం భూయాత్.