గంటకొకసారి ఆగిన యంత్రము

నిజామాబాదు పట్టణమునుండి బోధనునకు పోవు త్రోవలో ఒకప్పుడు ఇరుప్రక్కల చెరకు తోటలు దట్టముగా నుండెడివి. 1931లో మంజీరా నదిపై నిజాంసాగరు ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువ నీరు ఆ నేలకు అందెను. 1937లో బోధను చెంత శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. పంట కోతల కాలమున చెరకు బండ్లు రాత్రింబగళ్లు ఆ కర్మాగారమునకు సాగెడివి. 2015 డిసెంబరులో కర్మాగారము మూతపడినది. చెరకు పండిన పొలములు పెక్కింట వరి నాటబడినది.

కంప్యూటరును గూర్చిన వ్యాసమున చెరకు ప్రస్తావన యేలనని పాఠకులకు సందేహము కలుగవచ్చును. ఒక పాత కంప్యూటరునకు పట్టిన రోగమును కనుగొనుటలో దుకాణముల తెలివి కంటె చెరకు గానుగ నేర్పిన తెలివి యెక్కువగా అక్కరకు వచ్చుననుటయే ఇందలి ముఖ్యవిషయము. అందుకు ఒక ఇంటిని ఉదాహరణముగా గైకొనవచ్చును.

ఆ ఇల్లు ఎడపల్లి ప్రాంతమున నున్నది. ఇంటి పెద్ద యైన తాత శక్కర్‌నగరు కర్మాగారమున గానుగల వద్ద ఏండ్ల తరబడి పనిచేసి విశ్రాంతి గొన్నవాడు. కుమారుడు వ్యవసాయదారుడు. మనుమరాలు ఇంటర్మీడియెటు చదువుచున్నది. ప్రవేశ పరీక్షల దరఖాస్తు మొదలుకొని విద్యార్థి వేతనము వరకు సర్వమును కంప్యూటరు ద్వారానే జరుగు దినములివి. ప్రతి పనికిని బోధనునకు బస్సెక్కి మీసేవ కేంద్రమున వరుసలో నిలుచుట ఆ బాలికకు కష్టమయ్యెను. అందుచేత వడ్లు అమ్మిన పైకములో కొంత తీసి తండ్రి నిజామాబాదులోని యొక దుకాణమున వాడిన కంప్యూటరు నొకదానిని కొనెను. "విండోసు ఎక్కించియున్నాము, మూడు నెలల గ్యారంటీ" అని దుకాణదారుడు చెప్పెను. రసీదుపై యంత్రము ధర మాత్రమే యుండెను.

మూడు నెలలు యంత్రము చక్కగా పనిచేసెను. పిమ్మట ఒకనాడు బాలిక దరఖాస్తు నింపుచుండగా, సగములో యంత్రము తనంత తానే ఆగిపోయెను. మరల వెలిగించినచో వెలిగెను. కొంత తడవునకు మరల ఆగెను. వ్రాసినదంతయు పోయెను. దరఖాస్తు గడువు నాలుగు దినములలో ముగియనున్నది.

ఇట్టి సమయమున మనుష్యులు చేయు పని యేదో అదియే ఆ ఇంటను జరిగెను. పల్లెలలో కరెంటు హెచ్చుతగ్గులు సహజము గనుక దోషము కరెంటుదేయని యొకరు చెప్పిరి, స్టెబిలైజరు వచ్చెను. యంత్రము ఆగుట మానలేదు. వేడివలన ఆగుచున్నదని మరియొకరు చెప్పగా మూత విప్పి, పంకాకు పట్టిన దుమ్ము దులిపిరి. మరియొక నేర్పరి ర్యామును ఊడదీసి, దాని యిత్తడివన్నె అంచును పెన్సిలు రబ్బరుతో రుద్ది మరల బిగించెను. ఈ రబ్బరు వైద్యము మన పట్టణములలో మిక్కిలి ప్రసిద్ధము. కొన్ని రోగములకు నిజముగానే పనిచేయును. ఈ రోగమునకు పనిచేయలేదు. తుదకు ఎస్‌ఎంపీఎస్ అనబడు విద్యుత్ పెట్టె చెడినదని నిశ్చయించి క్రొత్తది కొని బిగించిరి. క్రొత్త పెట్టెతోను యంత్రము ఆగెను. గ్యారంటీ మూడు నెలలును అప్పటికే దాటిపోయినవి గనుక దుకాణదారునకు బాధ్యత లేకపోయెను.

వీరిలో ఎవ్వరును మూర్ఖులు కారు. చెప్పిన కారణములలో ప్రతిదియు కంప్యూటరును ఆపగల కారణమే. లోపమెచ్చటనన, ప్రతివారును తమకు తెలిసిన మందును ఇచ్చిరే గాని రోగి నాడిని ఒక్కరైనను చూడలేదు.

తాతకు కంప్యూటరు తెలియదు. ఆయన మంచముపై కూర్చుండి యీ తతంగమంతయు చూచి, మనుమరాలిని "బిడ్డా, అది ఎప్పుడెప్పుడు ఆగుచున్నది?" అని అడిగెను. ఎవ్వరును అడుగని ప్రశ్న అదియే.

ఆ ప్రశ్న గానుగ వద్ద పుట్టినది. నరికిన చెరకు నిలువయున్న కొలది అందలి చక్కెర తరిగిపోవును. కావున గానుగ ఆగెననిన వెలుపల నిలిచిన ప్రతి బండియు నష్టపడుచున్నదని యర్థము. అట్టి తొందరలోను గానుగవాడు చేతికందిన భాగమునెల్ల విప్పుట ఆరంభింపడు. గానుగ ఆగినంత మాత్రమున దోషము గానుగలోనే యుండవలెనను నియమము లేదు. చెరకును ముక్కలు చేయు కత్తులు మొద్దుబారి యుండవచ్చును; చెరకును మోసి తెచ్చు పట్టీ మీద మోపు మితిమీరి యుండవచ్చును; ఎంతో దూరమున బాయిలరు వద్ద ఆవిరి తగ్గియుండవచ్చును. ఇన్నింటిలో ఏది కారణమో తెలియవలెనన్న మొదట తెలిసికొనదగినది వేళ: ఎప్పుడు ఆగినది, ఆగుటకు ముందు ఏమి జరిగినది, మరల ఎంతసేపు నడచినది. రెండవ నియమము ఒకమారు ఒక్కదానినే మార్చుట. రెండింటిని ఒక్కసారి మార్చి, గానుగ నడచినచో దేనివలన నడచినదో ఎవ్వరికిని తెలియదు. మూతపడిన కర్మాగారముతో పాటు ఈ పద్ధతియు మూలబడినదని తలచుట పొరపాటు.

బాలిక నోటుపుస్తకమున రెండు గడులు గీచి, యంత్రము వెలిగించిన వేళను ఒకదానను, ఆగిన వేళను రెండవదానను వ్రాయసాగెను. ఒక్క సాయంకాలములోనే సంగతి బయటపడెను. ఆరుగంటల పదినిమిషములకు వెలిగించినది ఏడుగంటల పదికి ఆగెను. ఏడుంబావుకు వెలిగించినది ఎనిమిదింబావుకు ఆగెను. బరువైన పని చేయించినను గంటయే. ఊరక నుంచినను గంటయే.

వేడికి గడియారము తెలియదు. కంప్యూటరు మెదడైన ప్రాసెసరు సుమారు నూరు డిగ్రీలకు చేరినపుడు తన్ను తాను కాపాడుకొనుటకు యంత్రమును తటాలున ఆపును. అది పని యెక్కువైనపుడు త్వరగాను, తక్కువైనపుడు ఆలస్యముగాను జరుగును. కరెంటు హెచ్చుతగ్గులకును నియమిత వేళ లేదు. పైగా ఈ యంత్రము దీపమార్పినట్లు ఆగుట లేదు. తెరచియున్న పనులను మూసి, వీడ్కోలు చెప్పినట్లు క్రమముగా ఆగుచున్నది. ఇట్లు ఆగుట చెడిన వస్తువు లక్షణము గాదు, ఆజ్ఞను పాటించు వస్తువు లక్షణము. మరి ఆ ఆజ్ఞ యిచ్చుచున్నదెవరు?

దీనిని తేల్చుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. లినక్సు అను ఆపరేటింగు సిస్టమును పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, యంత్రము లోపలి డిస్కును తాకకుండ, ఆ పెన్‌డ్రైవునుండియే కంప్యూటరును నడుపవచ్చును. బాలిక సహపాఠి యింట అట్టి పెన్‌డ్రైవు నొకదానిని సిద్ధము చేసికొని వచ్చెను. దానితో యంత్రము మూడు గంటలు నిరాటంకముగా నడచెను. అవే తీగలు, అదే పంకా, అదే ర్యాము, అదే కరెంటు. యంత్రమున దోషము లేదు. దోషము డిస్కులో నున్న విండోసుదే.

అప్పుడు విండోసును తెరచి, అది తన పనులను నమోదు చేసికొను ఈవెంటు వ్యూయరు అను చిట్టాను చదువగా, లైసెన్సు గడువు ముగిసినందున యంత్రమును ఆపుచున్నట్లు ప్రతి గంటకొక పద్దు కనబడెను. దోషము తన పేరును తానే వ్రాసియుంచినది! తెర క్రింది కుడిమూలను చిన్న ఆంగ్లాక్షరములలో ఇదే సంగతి మొదటి దినము నుండియు నుండెను. తెర వెనుకటి బొమ్మ పోయి నల్లబడుటయు దాని సూచనయే. నలుగురు పెద్దలు ఆ తెరను చూచిరి. ఆ మూలను చదివినవారు లేరు.

జరిగినదిది. విండోసు తయారుచేయు మైక్రోసాఫ్టు సంస్థ, కార్యాలయములవారు కొనుటకు ముందు పరీక్షించి చూచుకొనుటకై, ఎంటర్‌ప్రైజు అను రకమునకు తొంబది దినముల పరీక్షా ప్రతిని ఉచితముగా ఇచ్చును. గడువు దాటినచో తెర నల్లబడును, గంటకొకసారి యంత్రము ఆగును. ఈ నియమమును సంస్థ దాచలేదు. ప్రతిని ఇచ్చు చోటనే వ్రాసియున్నది. కావున కంపెనీ మోసగించినదని వాపోవుట న్యాయము గాదు. తప్పు ఆ ప్రతిని ఎక్కించి, గడువు మాట చెప్పక అమ్మిన చోటనున్నది. కౌలు భూమిని పట్టా భూమియని చూపి అమ్మినవానిని ఏ రైతైనను క్షమించునా? భూమి మంచిదే, నీరు పారుచునే యున్నది. కాని అమ్మినవానికి అమ్ము హక్కు లేదు. మూడు నెలల గ్యారంటీయు తొంబది దినముల గడువును ఒక్కమారే తీరుట కేవలము యాదృచ్ఛికమని నమ్ముట కొంచెము కష్టము.

వాడిన కంప్యూటరు కొనుట చిన్నతనమని కొందరు తలతురు. అది సరికాదు. నగరములలోని కార్యాలయములు క్రొత్త యంత్రములు కొనినపుడెల్ల పాతవి మన పట్టణములకు వచ్చును. వానిలో పెక్కు ఇంకను ఏండ్ల తరబడి పనిచేయగలవు. ఎద్దును కొనువాడు పండ్లు పట్టి చూచినట్లు, కంప్యూటరు కొనువాడు సెట్టింగులలో యాక్టివేషను అను పుటను తెరచి చూడవలెను. అమ్మువాడు ఏ సిస్టము, ఎంత గడువు అను రెండు మాటలను రసీదుపై వ్రాయవలెను. ఇందుకు పట్టు సిరా ఒక చుక్క.

దోషము తెలిసిన పిమ్మటనే అసలు చిక్కు వచ్చెను. "క్రాకు వేసిన అయిదు నిమిషముల పని" యని ఊరి యువకుడొకడు సలహా యిచ్చెను. క్రాకనగా గడువు తాళమును దొంగచాటుగా విరుచు చిన్న ప్రోగ్రాము. అందరును చేయుచున్న పనియే యని అతని వాదము. ఆ వాదమును కొట్టివేయుట సులభము గాదు, ఏలయన అది చాలవరకు నిజము. కాని ఎవడో తెలియనివాడు చేసిన తాళపుచెవితో తలుపు తీసినచో, ఆ చెవి వాని యొద్దను ఒకటి యుండును గదా! అట్టి ప్రోగ్రాములతో పాటు రహస్యపదములను దొంగిలించునవి లోపల చేరుట తరచుగా జరుగుచున్నదే. తండ్రి బ్యాంకు ఖాతాను, బాలిక దరఖాస్తులను అదే యంత్రముపై చూచుకొను ఇంట అది చిన్న సంగతి గాదు. మరియు చట్టమొకటి కలదు. 1957 నాటి భారత కాపీరైటు చట్టమును 1984లో సవరించి, కంప్యూటరు ప్రోగ్రాములను సాహిత్య కృతులలో చేర్చిరి. కావ్యముల సరసన ప్రోగ్రాములు కూర్చున్నవన్నమాట! భాషా పండితులకు ఇది వింతగా తోచినను, వ్రాసినవాని శ్రమ ఒక్కటే గనుక, ఆ కూర్పు సమంజసమే.

ఇక న్యాయమైన త్రోవలు రెండు. లైసెన్సు కొనుట మొదటిది. పరీక్షా ప్రతిని సొంత ప్రతిగా మార్చుటకు వీలులేదు. డిస్కును తుడిచి క్రొత్తగా ఎక్కింపవలెను. ఈ యంత్రముపై నున్నది విండోసు 10. దానికి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోసు 11 నకు టీపీఎం 2.0 అను భద్రతా సాధనము కావలెను. ఈ పాత యంత్రమున అది లేదు. కావున మొదటి త్రోవలో డబ్బు పెట్టుట వివేకముగా తోచదు. రెండవది లినక్సు. 1991లో ఫిన్లండు దేశమున లినస్ టోర్వాల్డ్స్ అను ఇరువదియొక్క యేండ్ల విద్యార్థి ఆరంభించిన పనికి ప్రపంచపు నలుమూలల వారును చేయి కలుపగా పెరిగిన సిస్టమిది. పెక్కు రకములు ఉచితముగా లభించును, గడువు లేదు. తెలుగు లిపి యూనికోడున చేరినదియు ఆ 1991లోనే. హైదరాబాదున స్వేచ్ఛ అను సంస్థవారు తెలుగున పనిచేయు సిస్టమును కూడ రూపొందించిరి.

అయితే లినక్సు సర్వరోగ నివారిణి యనుట అతిశయోక్తి. పెండ్లిపత్రికలు, కరపత్రములు కూర్చు డీటీపీ దుకాణములవారు అను లిపులకు అలవాటుపడినవారు. వారి పని విండోసుపైననే సుఖముగా సాగును. కొన్ని ప్రింటర్లు లినక్సుతో మాటాడుటకు మొండికెత్తును. విద్యార్థిని పని వేరు. ఆమెకు కావలసినది దరఖాస్తులు నింపుట, పాఠములు చూచుట, వ్యాసములు వ్రాయుట. వీనికి అది చాలును.

బాలిక మొదట తన ఫైళ్లను, తండ్రి పాసుపుస్తకపు నకళ్లను పెన్‌డ్రైవులోనికి తీసికొనెను. ఈ మెట్టును మరచి పిమ్మట ఏడ్చినవారు పెక్కురు. ఆ తరువాతనే డిస్కును తుడిచి లినక్సు నెక్కించెను. తేదీ తప్పు చూపుచుండగా, లోపలి నాణెము వంటి బ్యాటరీ నొకదానిని మార్చెను. అదియు ఆ దినమున గాదు, మరునాడు, ఒకమారు ఒక్కటే యను తాత నియమము ననుసరించి.

దరఖాస్తు గడువునకు ఒక దినము ముందే పంపబడెను. ఆ సాయంకాలము తాత గోడ గడియారమును, తెరను మార్చి మార్చి చూచుచు గంట గడచు వరకు లేవలేదు. తీసివేసిన పాత విద్యుత్ పెట్టె మాత్రము, ఏ దోషమును లేనిది, ఇప్పటికిని ఆ ఇంటి అటకపై గోనెసంచిలో నున్నది.